ముప్పైనాలుగు దగ్గర ఓ చుక్క

షువైఖ్‌లో మా ల్యాబ్‌కి కిటికీల్లేవు.
నాలుగు డిగ్రీలు, ఇరవై రెండు, ముప్పైనాలుగు, నలభై అయిదు,
నాలుగు పెట్టెల్లో నాలుగు కాలాలు.
ఒక్కో పెట్టెలో అయిదు పులుపులు:
పళ్లు జివ్వుమనే చింతరసం దగ్గర్నుంచి
కుండనీళ్ల చప్పదనం దాకా.
గంటకోసారి ఓ బొట్టు తీస్తాను.
బతికున్నవెన్నో రాసుకుంటాను.
బతికున్నవి అనకు, పనిచేస్తున్నవి అను,
అంటుంది డాక్టర్ నగ్లా.
మా ఊరి నుంచి వచ్చినవాళ్లని కూడా
ఇక్కడ అట్లాగే లెక్కేస్తారు.

లాగరిథమ్ వేస్తే
వంకర పోయి వాలు మిగులుతుంది.
వేడి పెరిగే కొద్దీ, పులుపు ముదిరే కొద్దీ
వాలు నిటారవుతుంది.
సగమయ్యే గడువు
రోజుల నుంచి గంటలకి,
గంటల నుంచి
నేను చేతి తొడుగులు మార్చుకునేంత సేపటికి.
నలభై అయిదు దగ్గర వైరస్ నిలవలేకపోయింది.

ఆ రోజు బయట నలభై తొమ్మిది.
సిమెంటు బస్తా కింద
ఓబులేసు నిలబడే ఉన్నాడు.

జలీబ్‌లో మా గది. ఎనిమిది మంచాలు, పదకొండు మంది.
కిటికీకి వెండిరేకు అతికించి ఎండని బయటే ఆపాం.
ఏసీ పద్దెనిమిది మీద.
రిమోట్ దారంతో మేకుకి వేలాడుతుంది.
దాని గురించి జరిగినన్ని పంచాయితీలు
రాజంపేట చేలల్లో నీళ్లవంతు కోసం కూడా జరగలేదు.
కదలని గాలి, చల్లటి గాలి.
నా గ్రాఫులో ఎడమ కొస,
వాలు దాదాపు చదునయ్యే చోటు.
మేం అక్కడ పడుకుంటాం.
నా సమీకరణంలో మంచాల సంఖ్య లేదు.

ఓ శుక్రవారం
ఉల్లిపాయ మీద నిమ్మకాయ పిండుతూ ఓబులేసు అడిగాడు:
"దీంట్లో ఏస్తే సస్తాదా అది?"
గ్లాసులో చస్తుంది, గొంతులో కాదన్నాను.
"మరి ఎండకి?"
చస్తుంది, నలభై దాటితే మరీ తొందరగా.
"అట్టయితే మేం మందులోనే పంజేస్తుండాం గదన్నా!"
అందరూ నవ్వారు.
నేనూ.

ముప్పైనాలుగు దగ్గర,
పులుపు దాదాపు లేనిచోట,
ఒక చుక్క గీత మీద కూర్చోలేదు.
ముక్కులో ఉండే వేడి అది.
మూడుసార్లు చేశాను, మూడుసార్లూ పైనే తేలింది.
డాక్టర్ నగ్లా కళ్లజోడు నుదుటికి ఎత్తి చూసింది.
"చెరపకు. రంగు నింపకుండా వదిలెయ్."

ఆ వారమే ఓబులేసుకి దగ్గు మొదలైంది.
రాత్రి రెండింటికి మెలకువొస్తే మంచం ఖాళీ.
మెట్ల మీద ఉన్నాడు,
పగలంతా కాగిన గోడకి వీపు ఆనించి,
పైగా దుప్పటి కప్పుకుని.
"నువ్వే గదన్నా చెప్పింది, వేడికి సస్తాదని.
ఖాదర్‌వలీ మంగళవారం ఇంటికి పోవాల.
వానికి అంటుకుంటే ఇమానం ఎక్కనిస్తారా?"

నేను చెప్పింది గాజు గొట్టం సంగతి,
బల్లమీద పడ్డ బొట్టు సంగతి.
ఊపిరితిత్తి ముప్పై ఏడు దగ్గరే ఉంటుంది ఓబులేసూ,
నువ్వు మెట్ల మీద కూర్చున్నా,
కుంపట్లో కూర్చున్నా.
అది చెప్పాల్సిన రోజు నేను నవ్వాను.

ల్యాబ్ కోటు జేబులో థర్మామీటర్ ఉంది.
గోడకి ఆనించాను. ముప్పై తొమ్మిది.
అరచేతిలో రాసుకున్నాను, ఎందుకో.
తర్వాత వాడికో మాస్కు ఇచ్చి, నేనొకటి పెట్టుకుని
లోపలికెళ్లి రిమోట్ దారం తెంపాను.
ఇరవై ఆరు.
కిటికీ రేకు చింపి అద్దం జానెడు జరిపాను.
వేడిగాలి, డీజిల్ వాసన, ఎక్కడో కుక్క.

మంచాల మీంచి తిట్లు
మూడు యాసల్లో వచ్చాయి.
ఖాదర్‌వలీ ఒక్కడే లేచాడు,
మాట్లాడకుండా ఓబులేసు మంచాన్ని
కిటికీ పక్కకి లాగాడు.
"సైంటిస్టు గారూ, మూసెయ్యండి సామీ," చీకట్లో ఎవరో.
అద్దం దానంతటదే వెనక్కి జారుతోంది.
నా చెప్పు అడ్డం పెట్టాను.